రేపు రమ్మని వ్రాసిన తలుపు

ప్రతి సంవత్సరం డిసెంబరు నెలాఖరున నేనొక పని చేస్తాను. ఆ ఏడాది చూసిన భయానక చిత్రాలలో నాకు బాగా నచ్చిన నాలుగింటి పేర్లు డైరీ చివరి పుటలో వరుసగా వ్రాసుకుంటాను. ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని, అనువాదం వృత్తిగా చేసుకుని, నలభై ఏళ్ళు దాటిన స్త్రీకి ఇదేం పిచ్చి అని బంధువులు నవ్వుతారు. దెయ్యాల సినిమాకు తోడు వచ్చేవారు మా ఇంట్లో ఎవరూ లేరు. అందుచేత తరచు ఒంటరిగానే వెళతాను. చీకట్లో పక్క సీటు మీద చేతిసంచీ పెట్టుకుని, రెండు గంటలసేపు భయపడి, తేలికపడిన మనస్సుతో ఇల్లు చేరుకుంటాను.

2024 సంవత్సరానికి నేను వ్రాసుకున్న జాబితా ఇది: మొదటిది 'స్త్రీ 2', రెండవది 'భ్రమయుగం', మూడవది 'షైతాన్', నాలుగవది 'నోస్ఫెరాటు'. ఈ చివరిది అమెరికాలో ఆ డిసెంబరులోనే విడుదలైనా మన థియేటర్లకు 2025 జనవరిలో గాని రాలేదు. దానికోసం చివరి గీత ఖాళీగా ఉంచి, చూసి వచ్చాక పూరించాను.

జాబితా చూసిన ఒక మిత్రురాలు ఆశ్చర్యపోయింది. "'భ్రమయుగం' వంటి చిత్రం ఉండగా ఆ హాస్యపు దెయ్యానికి మొదటి స్థానమా?" అంది. ఆమె ప్రశ్న న్యాయమైనదే. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. సమాధానం ఒక్క మాటలో చెప్పదగినది కాదు.

భయాన్ని రసంగా లెక్కించిన జాతి మనది. భరతుడు భయానకాన్ని శృంగార వీరాల సరసనే కూర్చోబెట్టాడు. ఇంగ్లీషువారి 'హారర్' అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం దాని మూలార్థం. మన 'గగుర్పాటు' సరిగ్గా అదే. రెండు దూరదేశాల మనుషులు ఒకే అనుభవానికి ఒంటి మీది రోమాలనే సాక్ష్యంగా పిలిచారన్న మాట. అనువాదకులకు ఇంత సుఖంగా కుదిరే మాటలు అరుదుగా దొరుకుతాయి.

నటనలో, చిత్రణలో ఆ ఏటి చిత్రాలన్నిటికీ మేటి 'భ్రమయుగం' అనడానికి నాకు సందేహం లేదు. రాహుల్ సదాశివన్ దర్శకత్వంలో 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఈ మలయాళ చిత్రం ఆద్యంతం నలుపు తెలుపులలోనే నడుస్తుంది. కాలం పదిహేడవ శతాబ్దం, చోటు మలబారు. బానిసల వ్యాపారుల బారి నుంచి పారిపోయిన తేవన్ అనే జానపద గాయకుడు, అడవిలో దారి తప్పి, ఆకలితో ఒక పాడుబడిన భవంతి చేరుకుంటాడు. ఇంటి యజమాని కొడుమణ్ పోట్టి అతణ్ణి ఆదరంగా లోనికి పిలిచి, పాట పాడించుకుని, అన్నం పెట్టిస్తాడు. తరువాత పాచికలాటకు కూర్చోబెడతాడు. పందెం ఒడ్డడానికి తేవన్ దగ్గర చిల్లిగవ్వ లేదు. అయితే నీ కాలాన్నే ఒడ్డమంటాడు పోట్టి. తేవన్ ఓడిపోతాడు. ఇక ఆ గడప దాటి వెళ్ళే వీలు అతనికి లేదు.

డెబ్బయ్యేళ్ళు దాటిన మమ్ముట్టి ఆ పోట్టి పాత్రలో కేవలం నవ్వుతో, నమిలే తీరుతో, పడక్కుర్చీలో వాలి కూర్చునే తీరుతో భయపెడతాడు. పట్టుమని పదిమంది కూడా లేని కథ. వాన, నాచు పట్టిన గోడలు, కొడిగట్టే దీపం. కుల బలం, అధికార బలం ఒకరి కాలాన్ని మరొకరు ఎలా మింగివేస్తారో చెప్పడానికి అంతకు మించి ఏమీ అవసరం లేకపోయింది.

'షైతాన్' అదే భయాన్ని తిరగవేసి చూపుతుంది. ఇక్కడ చెడు అంతా ఇంట్లోకి వచ్చే అతిథిదే. విహారానికి బయలుదేరిన ఒక కుటుంబానికి దారిలో ధాబా దగ్గర ఒక పెద్దమనిషి పరిచయమవుతాడు. చిన్న సాయం చేస్తాడు, ఇంటి అమ్మాయికి మిఠాయి పెడతాడు. అంతటితో ఆ పిల్ల శరీరం అతని ఆజ్ఞకు లోబడిపోతుంది. కాసేపటికి అతడే వారి ఇంటికి మర్యాదగా వస్తాడు. కృష్ణదేవ్ యాజ్ఞిక్ 2023లో తీసిన గుజరాతీ చిత్రం 'వశ్'కు ఇది హిందీ రూపం. రెండింటిలోనూ అమ్మాయిగా జానకీ బోడీవాలాయే నటించింది. గుజరాతీ చిత్రంలోని నటనకు ఆమెకు జాతీయ బహుమతి కూడా లభించింది. మనస్సు వద్దంటూ ఉండగా ఒళ్ళు నవ్వవలసి రావడమనే నరకాన్ని ఆ ముఖంలో చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయితే నన్ను ఎక్కువగా వేధించిన విషయం వేరు. ఆ దుర్మార్గుడు పిల్లను ఊరికే ఎత్తుకుపోడు. తల్లిదండ్రులే నోరారా ఇస్తున్నామని అనాలి. అనే దాకా హింసిస్తాడు.

ఇదే నియమం 'నోస్ఫెరాటు'లోనూ ఉంది. బ్రామ్ స్టోకర్ 1897లో వ్రాసిన 'డ్రాకులా' నవలను జర్మన్ దర్శకుడు ముర్నౌ 1922లో అనుమతి లేకుండా, పేర్లు మార్చి తెరకెక్కించాడు. స్టోకర్ భార్య దావా వేసింది. ప్రతులన్నీ ధ్వంసం చేయమని న్యాయస్థానం తీర్పు చెప్పినా కొన్ని మిగిలిపోయాయి. ఆ చిత్రాన్నే రాబర్ట్ ఎగర్స్ మళ్ళీ తీశాడు. ఇంటివారు పిలవనిదే రక్తపిశాచి తొలిసారి గడప దాటలేదని నవలలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త చిత్రంలోని పిశాచానికి కూడా కథానాయిక స్వయంగా సమ్మతించాలి.

మూడు చిత్రాలనూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు నాకు ఒక సంగతి తోచింది. ఇవన్నీ తలుపు కథలే. ఎవరికి తెరవాలి, ఎవరికి తెరవకూడదు అన్నదే వీటన్నిటిలోని భయం. ఆ ఆలోచన నన్ను మా ఊరి తలుపు దగ్గరకు తీసుకుపోయింది.

నాకు పన్నెండేళ్ళప్పుడు, 1992 ప్రాంతంలో, ఖమ్మం జిల్లాలోని మా పల్లెకు ఒక పుకారు వచ్చింది. రాత్రిళ్ళు ఒక ఆడదెయ్యం తిరుగుతోందనీ, అయినవారి గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందనీ, పలికినవారు తెల్లవారేసరికి ఉండరనీ అన్నారు. విరుగుడు తలుపు మీది వ్రాత ఒక్కటే. 'ఓ స్త్రీ రేపు రా' అని వ్రాస్తే అది చదువుకుని వెళ్ళిపోతుంది, మరునాడు వచ్చి మళ్ళీ అదే చదువుకుంటుంది. ఇలాంటి వ్రాతలే కన్నడ దేశంలో 'నాళె బా' అని వెలిశాయని తరువాత తెలిసింది. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని మా ఇంటి తలుపు మీద వ్రాసే పని నాకే అప్పగించారు. సుద్దముక్కతో గుండ్రంగా, పెద్ద అక్షరాలతో వ్రాశాను.

ఆ వారంలోనే ఒక రాత్రి, పదకొండు దాటి ఉంటుంది, తలుపు చప్పుడైంది. నాన్న ఊళ్ళో లేడు. "అక్కా! అక్కా! తలుపు తియ్యవే" అని పిలుపు వినవచ్చింది. అది మా పిన్ని గొంతు. నాకు తెలిసింది, అమ్మకూ తెలిసింది. నేను లేవబోతే నాయనమ్మ నా నోరు మూసింది. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది గాని దిగలేదు. పిలుపు నాలుగైదుసార్లు వినిపించి ఆగిపోయింది.

తెల్లవారాక తలుపు తీస్తే పిన్ని అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన చిన్న బట్టల మూట. భర్త కొట్టిన దెబ్బలకు ఒక కన్ను వాచి మూసుకుపోయింది. చివరి బస్సు దిగి, రోడ్డు మీదనుంచి రెండు మైళ్ళు చీకట్లో నడిచి వచ్చింది. అమ్మ ఆమెను కావలించుకుని ఏడ్చింది. "మొద్దునిద్ర పట్టిందే, వినపడనే లేదు" అంది. పిన్ని ఏమీ అనలేదు. తలుపు వైపు ఒకసారి చూసి నాతో "నీ దస్తూరి బాగుందే" అంది. మూడో రోజున పెద్దలు కూర్చుని, సర్దిచెప్పి, ఆమెను అత్తవారింటికి పంపించారు. ఆమె ఆ ఇల్లు శాశ్వతంగా విడవడానికి మరి ఆరేళ్ళు పట్టింది. ఆ తరువాత అంగన్‌వాడీలో ఆయాగా చేరి కొడుకును తానే చదివించుకుంది. ఆ రాత్రి ప్రస్తావన మా ఇంట్లో మళ్ళీ రాలేదు. అమ్మ 2021లో పోయింది.

2024 ఆగస్టులో పిన్ని హైదరాబాదు వచ్చి మా ఇంట్లో వారం రోజులుంది. "నువ్వు చూసే ఆ దెయ్యాల సినిమా నాకూ చూపించు" అంది. ఊరంతా 'స్త్రీ 2' ఆడుతున్న రోజులవి. ఆమెకు హిందీ అంతంత మాత్రం. చెవి దగ్గర మెల్లగా తెలుగులో చెబుతూ కూర్చున్నాను. నా వృత్తి జీవితంలో ఒకే ఒక్క శ్రోత కోసం చేసిన అనువాదం అదే.

అమర్ కౌశిక్ 2018లో తీసిన మొదటి 'స్త్రీ'కి కథ వ్రాసిన రాజ్, డీకే ఇద్దరూ తెలుగువారే. మా తలుపు మీది మాట అందులో చందేరీ పట్టణపు గోడలెక్కింది. అక్కడ దెయ్యానికి భయపడేది మగవాళ్ళు. చివరకు వారే బుద్ధి తెచ్చుకుని, రేపు రమ్మన్న వ్రాతను చెరిపి, మమ్మల్ని కాపాడమని వ్రాసుకుంటారు. రెండవ చిత్రంలో తలలేని మొండెమొకటి వచ్చి ఆధునిక భావాలున్న ఆడపిల్లలను ఎత్తుకుపోతుంది. ఊళ్ళోని మగవారి మనస్సులను కూడా తన వైపు తిప్పుకుని ఆడవారిని ఇళ్ళలో బంధింపజేస్తుంది. అప్పుడు ఆ ఊరు వెళ్ళగొట్టిన స్త్రీయే మళ్ళీ కావలసి వస్తుంది. చిత్రంలో లోపాలు లేకపోలేదు. పాటలు ఎక్కువ, అతిథి నటుల హడావుడి ఎక్కువ, కొన్ని హాస్యాలు మోటు. పిన్ని మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేటట్టు నవ్వింది. గోడ మీద వ్రాత కనిపించినప్పుడు నేను అర్థం చెప్పబోతే చేత్తో వారించింది.

సినిమా వదిలాక మెట్లు దిగుతూ, మామూలు గొంతుతో అడిగింది.

"ఆ రాత్రి మీ అమ్మ మెలకువగానే ఉంది కదూ?"

ఇతరుల మాటలు ఒక భాషలోంచి మరొక భాషలోకి మార్చి బ్రతికే నాకు ఆ ప్రశ్నకు మాట దొరకలేదు. అమ్మ లేదు, ఆమె చెప్పిన అబద్ధం ఒక్కటే మిగిలింది. దాన్ని కాపాడడమా, పిన్నికి నిజం ఇవ్వడమా? రెండు మెట్లు దిగాక అన్నాను.

"అవును పిన్నీ. నేనూ మెలకువగానే ఉన్నాను."

"తెలుసు. మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది" అంది. కొంతసేపాగి, "భయపడ్డారులే. నేనైనా తీసేదాన్ని కాదేమో" అంటూ ఆటో కోసం చెయ్యెత్తింది.

నా మిత్రురాలికి ఈ జవాబు ఇప్పుడు చెబుతున్నాను. 'భ్రమయుగం' గొప్ప చిత్రమే. దాన్ని మళ్ళీ చూస్తాను, మళ్ళీ భయపడతాను. కాని ముప్పై రెండేళ్ళుగా మా ఇంట్లో మూసి ఉన్న ఒక తలుపును తెరిపించింది మాత్రం ఆ హాస్యపు దెయ్యమే. డైరీలో దాని పేరు మొదటి గీత మీద వ్రాసేటప్పుడు, చాలా కాలం తరువాత, అక్షరాలు గుండ్రంగా రావాలని శ్రద్ధ తీసుకున్నాను.