లండను కోటలోని కాకోలములు

థేమ్సు నదీతీరమున తొలి విలియం రాజు పదునొకండవ శతాబ్దమున కట్టింప నారంభించిన లండను దుర్గమునందు, మన బొంతకాకికంటె పెద్దవైన కాకోలములు, ఆరింటికి తక్కువ కాకుండ, నేటికిని కోటభటుల సంరక్షణలో పెరుగుచున్నవి; అవి విడిచిపోయిననాడు కోటయు రాజ్యమును కూలునని ఆంగ్లేయుల ఐతిహ్యము. వీనినిట్లు పెంచుట రెండవ ఛార్లెసు రాజు నాటి ఆచారమని చెప్పుదురు గాని, అవి అచ్చట నున్నట్లు పండితులకు దొరికిన తొలి ఆధారము 1883 నాటిదే. అయినను ఈ నమ్మిక నా మనస్సును కదలించుచున్నది: పెరటిలో కాకి అరచినచో చుట్టములు వత్తురని, ఎసటిలో మరియొక గిద్దెడు బియ్యము పోసి వీధివైపు చూచుచు కూర్చుండిన మా అమ్మమ్మ జ్ఞప్తికి వచ్చును. శకునము నిజమైనను కాకున్నను, దాని పుణ్యమున ఆ కోటలోని పక్షులకు ప్రతిదినము పచ్చిమాంసమును, నెత్తుట నానిన బిస్కట్లును లభించుచున్నవి.