రిచ్‌మండు పార్కు దుప్పులు

బాలలూ! మీలో కుక్కను పెంచేవాళ్లు చాలామంది ఉంటారు. సాయంకాలం దాన్ని వెంటబెట్టుకొని తిరిగి రావడమంటే మీకు ఎంతో సరదా. ఆ దారిలో పెద్ద కొమ్ముల దుప్పి ఎదురైతే ఏం చేస్తారు? "మా వీధిలోకి దుప్పి ఎందుకు వస్తుంది, మాస్టారూ?" అని నవ్వుతారు కాబోలు. లండన్ నగరంలో అలా ఎదురయ్యే చోటు ఒకటి ఉన్నది. ముప్పయ్యైదేళ్లు పాఠాలు చెప్పిన నాకు అక్కడ ఒక దుప్పి పాఠం చెప్పింది.

మా అమ్మాయి లండనులో కాపురం ఉంటున్నది. వాళ్ల ఇంటికి దగ్గరలోనే రిచ్‌మండు పార్కు. పార్కు అంటే నాలుగు పూలమొక్కలూ, ఒక ఉయ్యాలా అనుకోకండి. దాని విస్తీర్ణం సుమారు 2,500 ఎకరాలు! 1625లో లండనులో ప్లేగు వ్యాపించినప్పుడు మొదటి చార్లెస్ రాజు తన కొలువును రిచ్‌మండుకు మార్చాడు. తరువాత వేటకోసం ఇక్కడ దుప్పులను ఉంచి, 1637లో చుట్టూ గోడ కట్టించాడు. రాజులూ పోయారు, వారి వేటా పోయింది. దుప్పులు మాత్రం మిగిలాయి. ఈనాడు అక్కడ ఎర్రదుప్పులూ, ఫాలో జాతి దుప్పులూ కలిసి సుమారు 630 ఉన్నవి. వాటికి బోనులు లేవు. అవి మేస్తూ ఉంటే, వాటి మధ్యనే జనం కుక్కలతో నడుస్తూ ఉంటారు.

ఏడాదిలో చాలా నెలలు ఈ దుప్పులు సాధువుగానే ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలలు వచ్చాయంటే మగదుప్పి స్వభావమే మారిపోతుంది. అవి జతకట్టే రోజులు. మగదుప్పి ఆడదుప్పులను ఒక మందగా చేర్చుకొని, మరొక మగదుప్పి రాకుండా రాత్రింబవళ్లు కాపలా కాస్తుంది. మేత దాదాపు మానేస్తుంది. బురదలో పొర్లుతుంది. దాని అరుపు ఎద్దు రంకెకూ, సింహగర్జనకూ మధ్యగా ఉంటుంది. దాని కొమ్ములు ఎముకతో తయారైనవే. మన అడవుల్లోని చుక్కల దుప్పి కొమ్ములలాగే ఇవీ ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. వసంతంలో రాలిన కొమ్ములు ఈ కాలానికి పూర్తిగా పెరిగి, పోరుకు సిద్ధంగా ఉంటాయి.

ఇక కుక్క సంగతి. ఇంగ్లండులో తోడేళ్లు అంతరించి కొన్ని వందల ఏళ్లయింది. అయినా కుక్కను చూస్తే దుప్పికి శత్రువు వచ్చినట్టే. కుక్క మొరగనక్కరలేదు, తరమనక్కరలేదు. దూరాన కనబడితేనే చాలు. అందుకే ఈ నెలల్లో కుక్కను గొలుసుతో నడిపించాలనీ, లేదా పార్కు బయటే తిప్పాలనీ, దుప్పులకు కనీసం 50 మీటర్ల దూరం ఉండాలనీ అక్కడివారు చెబుతారు. 50 మీటర్లంటే రెండున్నర క్రికెట్ పిచ్‌ల పొడవు. ఒకవేళ దుప్పి మీదికి వస్తే కుక్కను వదిలేయాలని కూడా చెబుతారు.

ఈ మాటలన్నీ మా మనవరాలికి గేటు దగ్గర నేనే వివరించాను. పదకొండేళ్ల పిల్ల, గొలుసు గట్టిగా పట్టుకొని బుద్ధిగా నడుస్తున్నది. తప్పు చేసింది నేనే. పొగమంచులో ఒక మగదుప్పి ఓక్ చెట్టు కింద నిలబడి అరుస్తున్నది. కొమ్ములకు ఫెర్న్ ఆకులు వేలాడుతున్నాయి. "ఇంకొంచెం దగ్గరికి పోదాం" అన్నాను.

"వద్దు తాతయ్యా, అది మననే చూస్తున్నది" అన్నది మనవరాలు.

నేను వినలేదు. పది అడుగులు వేశామో లేదో, కుక్క భౌమన్నది. దుప్పి తల వంచి మావైపు కదిలింది.

"గొలుసు వదిలెయ్!" అని అరిచాను. పిల్ల వదలలేదు. రెండు చేతులతో ఇంకా గట్టిగా పట్టుకున్నది. నేను ఆ వేళ్లు విడదీసి, ఆమెను పక్కనున్న చెట్టు వెనక్కు లాగాను. కుక్క బాణంలాగ పరుగెత్తింది. దుప్పి కొంతదూరం దాన్ని తరిమి, తన మందను విడిచి రాలేక వెనక్కు తిరిగింది.

"దాన్ని వదిలేశాం కదా, తాతయ్యా!" అని పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది.

"వదిలాం కనుకనే అది బతికిందమ్మా" అన్నాను. ఆలోచించండి, పిల్లలూ! దుప్పి కోపం కుక్కమీద. పట్టి ఉంచితే కుక్క పారిపోలేదు, కొమ్ములకు మనమూ అడ్డమవుతాం. వదిలితే దానికి నాలుగు కాళ్లున్నాయి. పరుగెత్తి తప్పించుకోగలదు.

మేము దుప్పులకు దూరంగా చుట్టు తిరిగి గేటు దగ్గరకు వచ్చేసరికి, కుక్క గొలుసు ఈడ్చుకుంటూ మాకోసం అక్కడ తిరుగుతున్నది. ఒంటిమీద గీత కూడా పడలేదు. మనవరాలు దాని మెడ కౌగిలించుకొని చాలాసేపు వదలలేదు.

"అమ్మాయీ, తప్పు నాదే. నువ్వు చెప్పినప్పుడే ఆగవలసింది" అన్నాను. మరునాటి నుంచి ఆ నెలంతా కుక్కను వీధిలోనే తిప్పాం.

మే నుంచి జూలై వరకు అక్కడ దుప్పి పిల్లలు పుట్టే రోజులు. అప్పుడు తల్లిదుప్పులు కుక్కలను సహించవు. ఆ మూడు నెలలూ గొలుసు తప్పనిసరి.

మీరు ఏ అడవికి పోయినా, ఏ జంతువుల పార్కుకు పోయినా ఒక్క మాట గుర్తుంచుకోండి. మనం చుట్టాలం, అది వాటి ఇల్లు. చుట్టం ఎక్కడ ఆగాలో తెలుసుకొని ఆగితే ఇంటివారికీ క్షేమం, చుట్టానికీ క్షేమం.