గ్రహణం మచ్చలు

నా పెదవుల మీద చిన్నప్పటి నుంచీ నల్లటి చుక్కలు. కడుపుతో ఉండగా గ్రహణంనాడు బయట తిరిగిందని నాన్నమ్మ అమ్మని తిట్టేది. పెళ్ళిచూపులప్పుడు వాటిని దాచడానికి అమ్మ పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

పిహెచ్‌డి చేస్తుండగా హిమోగ్లోబిన్ 6కి పడిపోయింది. ఏ డాక్టరైనా మొదట అడిగింది నెలసరి గురించే. మామూలుగానే అవుతోందన్నా రాసుకున్నది మాత్రం అదే. తిన్నాక మెలిపెట్టే నొప్పేమో గ్యాస్‌ట, థీసిస్ టెన్షన్‌ట! పైనుంచి ఎండోస్కోపీ, కిందనుంచి కొలనోస్కోపీ చేసి అంతా బాగుందన్నారు. మధ్యనున్న చిన్నపేగు ఆ గొట్టాలకి చాలావరకు అందదని ఎవరూ చెప్పలేదు.

ఆరేళ్ళు ఐరన్ మాత్రలు మింగాక, ఓ రాత్రి పేగులోకి పేగు దూరి ఆపరేషన్ బల్ల ఎక్కాను. లోపల పాలిప్‌లు. ఇన్నాళ్ళూ కొద్దికొద్దిగా రక్తం కార్చినవి అవే. నా పెదవిని మొదటిసారి జబ్బు గుర్తుగా చూసింది అక్కడి సర్జన్. ప్యూట్జ్-జెగర్స్ సిండ్రోమ్ అందామె. ఈ చుక్కలకీ ఆ పాలిప్‌లకీ ఉన్న సంబంధాన్ని 1921లో ప్యూట్జ్, 1949లో జెగర్స్ రాసిపెట్టారు.

ఇప్పుడు రెండు మూడేళ్ళకోసారి కెమెరా ఉన్న క్యాప్సూల్ మింగుతాను. పెద్దవి కనిపిస్తే బెలూన్ ఎంటరోస్కోపీతో, పొట్ట కోయకుండా తీసేస్తారు. కేన్సర్ ముప్పు ఎక్కువ కనక రొమ్ము పరీక్ష ఏటేటా తప్పదు.

ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు. నాన్న నోరు తెరిపించాను. చెంప లోపల అవే చుక్కలు. పెదవి మీదివి వయసుతో వెలిసిపోయాయిట. ఎవరు చూశారు గనక, మగవాడి పెదవి!

అమ్మకి చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "మీ నాన్నమ్మకి చెప్పవే" అంది. నాన్నమ్మ పోయి తొమ్మిదేళ్ళు.