మాటలు రాసింది మెయాక్

కార్మెన్ ఒపెరా పేరెత్తితే చాలు, ఎవరైనా వెంటనే స్వరకర్త బిజే అంటారు. అనాలి కూడా. ఆ సంగీతంతో నాకు పేచీ లేదు. నా కోపమల్లా అక్కడితో ఆగిపోయేవాళ్ల మీద. ఈమధ్య కొన్న ఒక కార్మెన్ రికార్డు అట్ట తిరగేసి చూస్తే స్వరకర్త పేరుంది, పాడినవాళ్ల పేర్లున్నాయి, వాద్యబృందాన్ని నడిపించినాయన పేరుంది, అట్టమీది ఫొటో తీసినవాడి పేరు కూడా ఉంది. మాటలు రాసిన ఆంరీ మెయాక్ పేరు లేదు. లుడోవిక్ అలేవీ పేరూ లేదు. మాటలెవరివో, పాటలెవరివో తెరమీద చదువుకుని మరీ సినిమా చూడ్డం మొదలుపెట్టే జాతి మనది. మనకిది మింగుడుపడే సంగతి కాదు.

ఈ ఇద్దరూ 1860ల మొదట్లో జతకట్టి దాదాపు ఇరవయ్యేళ్లు కలిసి రాశారు. కథ అల్లికా, వచన సంభాషణా ఎక్కువగా మెయాక్ చేతివి. పద్యాల పని అలేవీది. స్వరకర్త ఓఫెన్‌బాక్ బాణీలకు పారిస్ ఊగిపోయిన కాలంలో ఆ బాణీల కింద మాటలు వీళ్లవే. 1864లో ‘అందాల హెలెన్’, 1866లో ‘పారిస్ జీవితం’, 1867లో, ప్రపంచ ప్రదర్శనకు రాజులూ చక్రవర్తులూ పారిస్‌కు దిగిన ఏడాది, ‘గెరోల్‌స్టైన్ గ్రాండ్ డచెస్’. ‘పారిస్ జీవితం’ ఆడిన పాలే రొయాల్ నాటకశాల నటుల్లో చాలామందికి పాట అంతంతమాత్రం. వాళ్లకు వచ్చింది హాస్యం. కాబట్టి ఆ నాటకం నిలబడాలంటే మాట నిలబడాలి. నిలబడింది. ఇప్పటికీ ఆడుతున్నారు.

వీళ్లదే 1869 నాటి ‘దొంగలు’ తలచుకుంటే నాకు ఎంత చిరాకులోనైనా నవ్వొస్తుంది. అందులో దొంగల్ని పట్టుకోవడానికి సర్కారు సిపాయిలు వస్తుంటారు. వాళ్లకన్నా ముందు వాళ్ల బూట్ల చప్పుడొస్తుంది. దొంగలు హాయిగా తప్పుకుంటారు, వీళ్లు ప్రతిసారీ అంతా అయ్యాకే చేరతారు. ఆఖరి సీన్లో జీపు దిగే పోలీసుల్ని ఎరిగినవాళ్లం, ఆ బూట్ల చప్పుడు మనకెవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

మళ్లీ కార్మెన్‌కే వస్తాను, నా గొడవంతా అక్కడే ఉంది. 1875 మార్చి 3న అది మొదట ఆడింది ఒపెరా కొమీక్‌లో. అది సంసారపక్షపు నాటకశాల. పెళ్లిచూపులకు అక్కడ బాక్సులు తీసుకునేవాళ్లు. అలాంటి చోట చుట్టల కార్ఖానా ఆడవాళ్లు కొట్టుకోవడం, నాయిక వేదికమీదే కత్తిపోటుకు పడిపోవడం! ఆ శాల ఇద్దరు డైరెక్టర్లలో ఒకాయన ఆ చావు మార్చమని బతిమాలాడు. చివరికి ఆ పదవే వదులుకున్నాడు. ఒపెరాకు మూలమైన మెరిమే కథలోని కరకుదనం ఆ ప్రేక్షకులకు కాస్తయినా దిగాలని మన రచయితలు పల్లెనుంచి వచ్చిన మికాయెలాను కొత్తగా పుట్టించారు. చివర్లో కార్మెన్‌ను పొడిచే సిపాయి జోసేకు అతని తల్లి ఉత్తరమూ ముద్దూ మోసుకొచ్చే ఆ పిల్ల మెరిమేలో లేనేలేదు. ఇవాళ ఆమె పాట వినకుండా ఏ ప్రేక్షకుడూ ఇంటికి వెళ్లడు.

అసలు గొడవ తర్వాత జరిగింది. ఒపెరా కొమీక్ పద్ధతిలో పాటకూ పాటకూ మధ్య మామూలు మాటలుంటాయి. మొదటి ప్రదర్శన అయిన మూడు నెలలకే, జూన్ 3న, బిజే పోయాడు. అదే ఏడాది వియన్నా ప్రదర్శన కోసం అతని స్నేహితుడు గిరో ఆ మాటలు తీసేసి, వాటి స్థానంలో పాడుతూ చెప్పే చిన్న చిన్న పంక్తులు పెట్టాడు. దాదాపు తొంభై ఏళ్లు ప్రపంచంలో ఎక్కువచోట్ల విన్నది ఆ రూపమే.

పోయిందేమిటో ఒక్కచోట చూపిస్తాను. మొదటి అంకంలో కొత్తగా వచ్చిన లెఫ్టినెంటు జునీగాతో జోసే నాలుగు ముక్కలు మాట్లాడతాడు. తనది నవార్ అంటాడు. ఇంట్లోవాళ్లు పాదిరీని చేద్దామని చదివించారట. ఇతనికి చదువుకన్నా బంతాట పిచ్చి. ఒకరోజు ఆటలో గెలిస్తే పక్క ప్రాంతపు కుర్రాడొకడు కయ్యానికి దిగాడు. ఆ కయ్యంలోనూ ఇతనిదే పైచేయి అయింది, దాంతో ఊరు విడవాల్సొచ్చింది. అందుకే సైన్యంలో చేరాడు. అంతే. నిమిషం పట్టదు. కానీ ఆ నిమిషం విన్నవాడికి జోసే చెయ్యి ఒకసారి హద్దు దాటిన చెయ్యని కార్మెన్ అతనిమీదికి పువ్వు విసరకముందే తెలుస్తుంది. అది తీసేస్తే మిగిలేది, మాయలాడి పాడుచేసిన అమాయకుడు. కార్మెన్ చావుకు కార్మెనే కారణమన్న అన్యాయమైన మాట ఎన్నేళ్లుగానో చెలామణి అవుతోందంటే, ఆ నాలుగు ముక్కలు కోసేయడం కూడా ఒక కారణమని నా గట్టి నమ్మకం.

రెండో అంకంలో పూటకూళ్ల లిల్లాస్ పాస్తియా ఉన్నాడు. అతనికి పాట లేదు, మాటలే. గిరో రూపంలో అతను నోరు విప్పడానికి లేదు కాబట్టి, పాస్తియా ఇలా అంటున్నాడండీ అని కార్మెన్ స్నేహితురాలు ఫ్రాస్కీటా అతని తరఫున పాడి వినిపించాలి. సొంత కొట్లో సొంత గిరాకీతో మాట్లాడుకునే దిక్కులేకుండా చేశారు ఆ మనిషిని! 1964లో ఎయిజర్ పరిష్కరించిన కార్మెన్ ప్రతి అచ్చయిన తర్వాతే మాటలతో ఆడడం మళ్లీ విస్తారంగా మొదలైంది. ఇప్పటికీ చాలాచోట్ల సగానికి సగం కోస్తున్నారు. పాట కోయమంటే ఊరుకుంటారా?

మెయాక్ సంగతి మరీ అన్యాయం. ఇద్దరూ కలిసి 1872లో రాసిన ‘లె రెవెయోఁ’, క్రిస్మస్ ముందురాత్రి విందు చుట్టూ తిరిగే ప్రహసనం, రెండేళ్లలో వియన్నా చేరి యోహాన్ స్ట్రాస్ ‘గబ్బిలం’ అయింది. ఫ్రెంచివాళ్ల ఆ విందు వియన్నాలో అలవాటు లేదని బాల్ డాన్సుగా మార్చారు. మెయాక్ ఒక్కడే 1861లో రాసిన ‘రాయబార కార్యాలయపు ఉద్యోగి’, ధనవంతురాలైన వితంతువు డబ్బు దేశం దాటిపోకుండా ఆమెకు తమవాడితోనే పెళ్లి చేయించాలన్న హడావుడి, 1905లో లెహార్ ‘మెర్రీ విడో’గా లోకమంతా తిరిగింది. అప్పటికి మెయాక్ పోయి ఎనిమిదేళ్లు. 1884లో మాస్నే స్వరపరచిన ‘మనోన్’లోనూ, ఫిలిప్ జీల్‌తో కలిసి, మాటలు ఇతనివే. ఫ్రెంచ్ అకాడెమీ 1888లో కుర్చీ వేసింది, కాదనను. రికార్డు అట్టమీద మాత్రం చోటు లేదు.

అలేవీ ఇంత నష్టపోలేదు, కథలు రాసుకున్నాడు కాబట్టి. ‘కార్దినాల్ కుటుంబం’ అతనిదే. ఇద్దరు కూతుళ్లను ఒపెరా బ్యాలేలో పెట్టి, తెర వెనక వాళ్లకు కాపలా కాస్తూ, వచ్చే పెద్దమనుషులతో బేరాలాడుతూ, తమది గౌరవమైన కుటుంబమని అడుగడుగునా చెప్పుకునే తల్లి కథ. అలేవీ స్నేహితుడు చిత్రకారుడు డెగా ఈ కథలమీద మనసుపడి వరసగా బొమ్మలు వేశాడు. మామూలు పెన్సిలు బొమ్మలు కావు. పలకమీద సిరాతో గీసి, ఆరకముందే కాగితానికి అద్ది తీసిన ముద్రలు. నల్ల సూట్లు, పొడుగు టోపీలు, వాటి మధ్య ఇరుక్కున్న తెల్లటి డాన్సు పిల్లలు. అలేవీ ఎందుకో వాటిని పుస్తకంలో వాడుకోలేదు. ఇద్దరూ పోయిన చాలా ఏళ్లకు, 1938లో గానీ ఆ కథలూ ఆ బొమ్మలూ ఒకే పుస్తకంలో కలవలేదు. బొమ్మల్లో నాకు మాదాం కార్దినాలే ముఖ్యం. శాలువా, బానెట్ టోపీ, బండ శరీరం, ఎవరు దగ్గరికొచ్చినా కూతురికన్నా ముందు తానే జవాబు చెప్పేలా నిలబడే తీరు. అట్టాంటి తల్లులు మన నాటక సమాజాల తెరల వెనకా ఉండేవాళ్లు. ఏ పిల్లకు ఎంత ఇచ్చారో, ఎవరు ఎగ్గొట్టారో వాళ్ల నోటిమీదే ఉండేది. వాళ్లను కూర్చోబెట్టి ఎవరైనా రాసుకుని ఉంటే ఎంత బాగుండేది!