బాబాయ్ బండిలో పార

నా ఫోన్‌లో ఇంకా డిలీట్ చెయ్యని మెసేజ్ ఒకటుంది. ఒకే ఒక్క మాట. "పూడ్చారా?"

బాబాయ్ నాకు పంపిన చివరి మెసేజ్ అదే. చూశాను. జవాబివ్వలేదు. మూడు వారాలకి బాబాయ్ పోయాడు.

మా జీపుల గ్యాంగ్‌లో అందరికీ ఆయన బాబాయే. మాలో సగం మంది విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. 2020లో కొత్త థార్ వచ్చాక, యూట్యూబ్ చూసి ఈ సరదాలోకి దిగినవాళ్లం. బాబాయ్ అలా కాదు. మీసాలు రాకముందే శృంగవరపుకోటలో సర్వీసు జీపు మీద క్లీనరుగా చేరాడు. అనంతగిరి ఘాట్ ఎక్కుతూ దిగుతూ డ్రైవరయ్యాడు. సంత రోజున జీపులో ఇరవై మంది, పైన పసుపు మూటలు, పిప్పళ్ల మూటలు, వెనక వేలాడుతూ మరో నలుగురు. ఆ బరువుతో వానాకాలం బురదలో బండి నడిపినవాడికి మా ఆఫ్‌రోడింగ్ చూస్తే నవ్వొచ్చేది. "మీరు డబ్బులిచ్చి పడతన్న కష్టం, మేం డబ్బుల కోసం పడ్డాం నానా" అనేవాడు.

తర్వాత సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. ఆయన పాత మహీంద్రా ఎంఎం 540కి ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. మా బళ్లు ఇరుక్కుంటే లాగేది మాత్రం అదే. బానెట్ తియ్యకుండా చప్పుడు విని ఏం పోయిందో చెప్పేసేవాడు.

నాకు తెలిసిందంతా ఆయన తిట్టి నేర్పిందే. మొదటిసారి నిటారు దిగుడులో భయపడి క్లచ్ నొక్కేశాను. బండి జర్రున జారింది. పక్క సీట్లోంచి నెత్తి మీద ఒక్కటిచ్చాడు. "ఫోర్-లో ఎయ్. ఫస్ట్ గేర్ల పెట్టు. క్లచ్ మీంచి కాలు తీసెయ్. ఇంజనే బండిని పట్టుకుంటాది, నువ్వు స్టీరింగ్ పట్టుకో చాలు." అప్పట్నుంచి ఎంత దిగుడైనా నా ఎడమ కాలు కదల్లేదు.

గెడ్డ దాటేముందు ఎవరో ఒకరు దిగి నడవాల్సిందే. "నీ కాలు నిలవని నీళ్లల్ల టైరు నిలవదు." గాలి పీల్చుకునే గొట్టంలోంచి నీళ్లు ఇంజన్‌లోకి పోతే లోపల రాడ్లు వంగిపోతాయని ఆయన షెడ్డులోనే చూశాను. వంగిన రాడ్డు ఒకటి గోడకి వేలాడదీసి ఉండేది. కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడికీ ముందు అది చూపించేవాడు.

అన్నిటికంటే విచిత్రం ఆయన జీపులో ఉండే పార, గునపం. బురదలో చక్రం తిరిగిన కొద్దీ నేల తవ్వుకుపోతుంది కదా. మేం బయటపడి, ఈలలు వేసి, వీడియోలు తీసుకుని బయల్దేరబోతే ఆపేవాడు. "గాడి తవ్వినోడే పూడ్చాల." రాళ్లు మోయించేవాడు. తెల్ల షూస్ వేసుకొచ్చినవాళ్లకి మొదట్లో మహా కోపం వచ్చేది. నాకూ వచ్చింది.

ఒకసారి అడిగేశాను. "ఎవరు తిరుగుతారు బాబాయ్ ఈ దార్లో?"

ఆయన వెంటనే ఏమీ అనలేదు. దారి చివర కొండ మీద నాలుగు ఇళ్లు చూపించాడు. "ఇది మీకు ట్రైలు. ఆళ్లకి ఆసుపత్రి దారి."

అల్లూరి సీతారామరాజు జిల్లాలో బండి వెళ్లే దారి లేని గూడేలు ఇప్పటికీ ఉన్నాయి. నొప్పులొస్తే కర్రకి దుప్పటి కట్టి, డోలీలో మోసుకుంటూ కిందికి దించాలి. కాస్తో కూస్తో మట్టిదారి ఉన్న ఊళ్లదే అదృష్టం. ఆ దారిని మేం ఆదివారం సరదాకి తవ్వేస్తే, వాన ఆ గాడినే కాలువ చేసుకుంటుంది. తర్వాత ఆటో రాదు, బైకు కూడా రాదు.

ఇదంతా తెలిసీ ఆగస్టులో నేను తప్పు చేశాను. పాడేరు నుంచి అరకు వెళ్లే రోడ్డు మీంచి పక్కకి దిగే ఒక మట్టిదారి. ఊరి పేరు రాయను. పేరు బయటపెడితే వచ్చే ఆదివారం అక్కడ నలభై బళ్లుంటాయి, అదీ బాబాయ్ రూలే. ఆయన రాలేదు, ఒంట్లో బాలేదన్నాడు. మేం మూడు బళ్లతో వెళ్లాం. వాన. రీల్ కోసం ఒకే చోట నాలుగుసార్లు ఎక్కించాను. చీకటి పడింది. వదిలేసి వచ్చేశాం. వీడియో మాత్రం గర్వంగా ఆయనకి పంపాను. దానికి వచ్చిన జవాబే ఆ ఒక్క మాట.

అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. నిజం చెప్పడానికి ధైర్యం చాల్లేదు. రేపు ఫోన్ చేద్దాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు. ఓ ఉదయం షెడ్డు షట్టర్ లేపుతూనే కూలబడిపోయాడట. గుండెపోటు.

పెద్దకర్మ అయ్యాక వాళ్లబ్బాయిని అడిగి ఆ పార తెచ్చుకున్నాను. అయిదుగురం కొండెక్కాం. నా గాడి అక్కడే ఉంది, మోకాలి లోతు, నిండా నీళ్లు. దాన్ని తప్పించుకోవడానికి బైకులు పక్కనున్న చోడి చేనులోంచి తిరుగుతున్నాయి. గట్టు తెగిపోయింది. అడుగు వెడల్పున పైరు నేలకంటుకుపోయింది. ఎవరిదో ఏడాది తిండి అది.

రాళ్లు వేస్తుంటే చేను గలాయన వచ్చాడు. తిడతాడనుకున్నాను. కాసేపు చూసి, "అలా ఎయ్యకండి, మళ్లీ కొట్టుకుపోద్ది" అన్నాడు. ముందు నీళ్లు పక్కకి పోడానికి చిన్న కాలవ తీయించాడు. పెద్ద రాళ్లు అడుగున, చిన్నవి పైన, ఆపైన మట్టి. గట్టు కూడా కట్టాం. మధ్యాహ్నం దాటింది.

నా చేతిలో పార చూసి అడిగాడు. "ఆ పాత జీపు ముసిలాయన రాలేదేటి?"

చెప్పాను. ఆయన చేతిలో రాయి కింద పెట్టి, కాసేపు అలాగే నిలబడ్డాడు. "ఆయనొస్తే దారి బాగుండేది బాబూ" అన్నాడు.

సంతాప సభలో మేం ఆయన డ్రైవింగ్ గురించి, మెకానిజం గురించి గంటసేపు మాట్లాడాం. ఈ మాట మాత్రం మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఇప్పుడా పార నా థార్‌లో ఉంటోంది. మొన్న గ్రూపులో ఓ కొత్త కుర్రాడు వీడియో పెట్టాడు. అద్దం ఎత్తున బురద చిమ్ముతోంది. కింద అందరూ మంట గుర్తులు పెడుతున్నారు. నేను ఒక్క మాటే టైప్ చేశాను. "పూడ్చారా?"

చాలాసేపటికి జవాబొచ్చింది. "లేదన్నా. పార లేదు. ఆదివారం నువ్వొస్తావా?"

వెళ్తున్నాం.