గాలప్ శనివారాలు

న్యూ మెక్సికోలో, అరిజోనా సరిహద్దుకు దగ్గరగా, రూట్ 66 మీద ఉంది గాలప్. 1881లో రైలు పట్టాలతోపాటు పుట్టిన ఊరు. రైల్వే కూలీలకు జీతాలు పంచిన డేవిడ్ గాలప్ పేరే దానికి స్థిరపడింది. జనాభా ఇరవై రెండు వేల లోపు. అనంతపురం నుంచి లెక్కల టీచరుగా వెళ్లిన నాకు అది చిన్న ఊరని చెప్పారు. శనివారం వచ్చేదాకా నేనూ అదే నమ్మాను.

శనివారం పొద్దున్నే నవాహో, జూని తెగల ఆదివాసీ పల్లెల నుంచి పికప్ ట్రక్కులు బారులు తీరేవి. ఊరికి ఉత్తరాన సంత. నిప్పుల మీద కాల్చిన గొర్రె మాంసం, పళ్లెమంత పూరీలా పొంగే ఫ్రై బ్రెడ్, పినియన్ గింజలు, గడ్డిమోపులు, వెండి ఉంగరాలు అన్నీ పక్కపక్కనే. ఎన్నో ట్రక్కుల వెనక ఖాళీ నీళ్ల ట్యాంకులుండేవి. నవాహోల స్వపరిపాలన ప్రాంతమైన నవాహో నేషన్‌లో దాదాపు మూడో వంతు ఇళ్లకు కుళాయి లేదు. నీళ్లకూ, సరుకులకూ, బట్టలుతుక్కోవడానికీ, ఆసుపత్రికీ గాలపే దిక్కు.

ఒకసారి నా విద్యార్థిని వాళ్ల అమ్మమ్మతో, తాకట్టు కూడా పట్టే ట్రేడింగ్ పోస్టు అంగడికి వెళ్లాను. ఆమె తాకట్టు చీటీ ఇస్తే, గుమాస్తా లోపలి గదిలోంచి వెండి, నీలిపచ్చ రాళ్ల హారం తెచ్చి గాజు బల్ల మీద పరిచాడు. ఆమె ఒక్కో పూసనూ బొటనవేలితో తడిమి చూసుకుని, అప్పుడు డబ్బు లెక్కపెట్టింది. ఇంట్లో ఉంచితే దొంగల భయమనీ, అందుకే పూజలప్పుడు విడిపించుకుని మళ్లీ ఇక్కడే పెడతామనీ మనవరాలు చెప్పింది. అక్కడ తాకట్టు కొట్టు అప్పుకే కాదు, లాకరుకూ బదులే.

2020 వసంతంలో కరోనా వచ్చింది. రాష్ట్రంలోని కేసుల్లో 30 శాతం పైగా మా మెకిన్లీ కౌంటీలోనే. మే 1న, నెల మొదట్లో జనం సరుకులకు ఊరికి వచ్చే వేళ, గవర్నరు అల్లర్ల నియంత్రణ చట్టం కింద ఊరి దారులన్నీ మూయించారు. హైవే నుంచి దిగే చోట పోలీసులు, నేషనల్ గార్డు సైనికులు నిలబడ్డారు. సాయంత్రం ఐదుకే కొట్లు బంద్. కారులో ఇద్దరికి మించి ఎక్కకూడదు. మర్నాడు శనివారం. సంత లేదు, ట్రక్కులు లేవు. ఆ పిల్లకు ఫోన్ చేశాను. ట్యాంకులో నీళ్లు అడుగంటాయని, అమ్మమ్మ వాళ్ల చాప్టర్ హౌస్ (మన పంచాయతీ ఆఫీసు లాంటిది) దగ్గర వరసలో నిలబడిందని చెప్పింది.

రోగాన్ని ఆపాల్సిందే, కాదనను. కానీ ఆ దారులు మూసుకున్నప్పుడు నీళ్ల కోసం వచ్చేవాళ్లూ బయటే ఆగిపోయారు. కొద్ది రోజుల్లో దారులు తెరిచారు. కుళాయిలు మాత్రం ఆ ఇళ్లకు అంత త్వరగా రాలేదు.

మీరెప్పుడైనా గాలప్ వెళ్తే శనివారం వెళ్లండి. హారమైనా, రొట్టె అయినా చేసినవాళ్ల చేతుల మీదుగానే కొనండి. ఆ ఊరి అంగళ్లను నిలబెట్టింది వాళ్ల రాకపోకలే.