తొంభై శాతం ఖాళీగా ఉన్న సర్వర్

మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో హాస్టల్ బోర్డుల మధ్య, ఒక టిఫిన్ సెంటర్ పైన మూడో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. పదిమందికి మించి పట్టరు. వీళ్లు సాఫ్ట్‌వేర్ రాయరు, ఇతరుల డేటాబేస్‌లకు కాపలా కాస్తారు. వచ్చే ఫోన్లన్నిటిదీ దాదాపు ఒకటే పాట: "సర్వర్ బాగా స్లో అయిపోయిందండీ. మేమేం మార్చలేదు."

ఆ రెండో మాటను ఇక్కడెవరూ నమ్మరు. నమ్మకపోవడానికి కారణాలూ ఉన్నాయి. ఎవరో ఒక విండోలో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ముగించకుండా భోజనానికి వెళ్తారు. దాని వెనక మిగతావాళ్లంతా లాక్ కోసం నిలబడిపోతారు. లేదా రాత్రికి రాత్రి లక్షల వరుసలు ఎక్కించి ఊరుకుంటారు. డేటాబేస్ పాత లెక్కలనే నమ్ముకుని, ఇండెక్స్ ఉన్నా తప్పుదారి పడుతుంది. అడిగితే మాత్రం అందరూ చెప్పేది "ఏం మార్చలేదు" అనే. నేను వెళ్లిన సోమవారం వచ్చిన ఫోన్‌లో ఆ మాట నిజమే. అదే ఆ కేసును కాస్త సాగదీసింది.

ఫోన్ విజయవాడ నుంచి. మందులు హోల్‌సేల్‌గా పంపిణీ చేసే సంస్థ. సర్వర్ వాళ్ల గోడౌన్‌లోనే ఉంది. నూరు వరుసల బిల్లు శనివారం దాకా కన్నుమూసి తెరిచేలోగా పడేదట, ఆరోజు పొద్దున్నుంచి పది పన్నెండు సెకన్లు తీసుకుంటోంది. బయట ఆటోలు లోడు కోసం కాచుకుని ఉన్నాయి. "ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసేద్దామా మేడమ్?" అని మేనేజర్ తొందర.

"వద్దండీ, పది నిమిషాలు అలాగే ఉంచండి" అన్నారు ఇక్కడి జట్టు పెద్ద. నలభై దాటిన మనిషి, ఆరాకిల్‌తో మొదలుపెట్టి పోస్ట్‌గ్రెస్‌కు వచ్చారు. ఫోన్ పెట్టేశాక నాకు కారణం చెప్పారు. ఇప్పుడు ఎవరు దేనికోసం ఆగి ఉన్నారో చూడాలంటే వాళ్లు ఆగి ఉండగానే చూడాలి. రీస్టార్ట్ చేస్తే ఆ ఆనవాళ్లన్నీ పోతాయి. పైగా మెమరీలో పేరుకున్న డేటా ఖాళీ అయి, కాసేపు ఇంకా నెమ్మదిస్తుంది.

పక్క సీటు కుర్రాడు అప్పటికే లాగిన్ అయ్యాడు. నల్ల తెరమీద సెకనుకో వరుస చొప్పున వీఎంస్టాట్ అనే కమాండ్ చూపే అంకెలు దిగుతున్నాయి. పదహారు కోర్ల యంత్రం. డిస్కు కోసం కాచుకున్న సమయం 6 శాతం, ఖాళీగా ఉన్నది 90 శాతం. నాకైతే అది ఆరోగ్యంగా ఉన్న సర్వర్ లాగే కనిపించింది. ఆవిడకు అలా కనిపించలేదు. "పదహారు కోర్లలో ఒక్కటి పూర్తిగా ఆగితే ఎంత శాతం? ఆరుంపావు. ఒక్కడు డిస్కు దగ్గర ఆగాడు, మిగతావాళ్లు వాడికోసం పడుకున్నారు."

తర్వాతి తెరలో అది తేటతెల్లమైంది. పీజీ స్టాట్ యాక్టివిటీ అనే పట్టికలో ప్రస్తుతం నడుస్తున్న ప్రతి కనెక్షనూ ఒక వరుస. వాటిలో చాలా వరుసల్లో ఉన్నది ఒకే మాట: కమిట్, అంటే మార్పును ఖాయం చేయమని. ఎదురుచూపు గడిలో ఒక్కదానికి మాత్రం 'వాల్‌సింక్' అని ఉంది, మిగతా వాటన్నిటికీ 'వాల్‌రైట్'. డేటాబేస్ ఏ మార్పునైనా ముందు 'వాల్' అనే చిట్టాలో రాసి, అది డిస్కుమీద నిజంగా పడిందని రూఢి చేసుకున్నాకే "సరే" అంటుంది. ఇప్పుడు ఆ "సరే" రావడమే ఆలస్యం. క్వెరీల తప్పేమీ లేదు.

ఇక్కడ కుర్రాడు చేసిన పని నాకు భలే నచ్చింది. పోస్ట్‌గ్రెస్‌తోపాటే వచ్చే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ అనే చిన్న పరికరాన్ని నడిపాడు. ఒక్కో పరీక్షకు 5 సెకన్లు. సెకనుకు నూటపది చిల్లర రాతలని తేలింది. ఆవిడ ఆ అంకె చూడగానే "7200 డిస్కులేనా?" అన్నారు. నిమిషానికి 7200 చుట్లంటే సెకనుకు 120. ఒకే ఫైలు చివర రాసుకుంటూ పోతే దాదాపు చుట్టుకో రాతే పడుతుంది. అంటే చిట్టాలో ప్రతి రాతా డిస్కు ఒక చుట్టు తిరిగేదాకా ఆగుతోంది. శనివారం దాకా అలా ఆగలేదంటే మధ్యలో ఏదో దాన్ని కాపాడుతూ వచ్చింది.

ఆ ఏదో, డిస్కులను నడిపే రెయిడ్ కార్డు. దానిమీద క్యాష్ అనే కొంచెం మెమరీ, ఆ మెమరీకి ఒక చిన్న బ్యాటరీ ఉంటాయి. రాత ముందు ఆ మెమరీలో పడుతుంది, డిస్కుకు తీరిగ్గా చేరుతుంది. కరెంటు పోయినా బ్యాటరీ దాన్ని నిలబెడుతుంది కాబట్టి కార్డు వెంటనే "సరే" అనేస్తుంది. ఆ బ్యాటరీని కార్డు అప్పుడప్పుడూ తనంతట తానే పూర్తిగా దించి, ఎక్కించి పరీక్షించుకుంటుంది. ఆదివారం రాత్రి ఆ పరీక్షలో పాత బ్యాటరీ నెగ్గలేదు. ఇక కార్డు మెమరీని పక్కనపెట్టి నేరుగా డిస్కుకే రాయడం మొదలుపెట్టింది. కార్డు లాగ్ తెరిస్తే అంతా అందులోనే ఉంది, బ్యాటరీ మార్చాలన్న హెచ్చరికతో సహా. మనుషులెవరూ నిజంగానే ఏమీ మార్చలేదు.

"బ్యాటరీ లేకపోయినా క్యాష్ వాడమని కార్డుకు చెప్పొచ్చుగా మేడమ్?" అన్నాడు కుర్రాడు. చెప్పొచ్చు, ఆ సెట్టింగ్ ఉంది. ఆవిడ ఒప్పుకోలేదు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోగా ఆ మెమరీలో ఉన్నదంతా గాల్లో కలిసిపోతుంది, డేటాబేస్ ఫైళ్లే పాడైపోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో దారి ఉంది: సింక్రనస్ కమిట్ ఆపేయడం. అప్పుడు డిస్కు జవాబు కోసం ఆగదు. సర్వర్ పడిపోతే చివరి అరసెకను, మహా అయితే 0.6 సెకన్ల రాతలు పోతాయి. మిగిలినవి మాత్రం చెడిపోవు.

ఈ విషయం ఆవిడ తనంతట తాను తేల్చలేదు, మేనేజర్‌ను అడిగారు. "అరసెకను బిల్లులు పోతే ఫరవాలేదా అండీ?" అవతల కొంచెంసేపు మాట లేదు. "బిల్లు చేతిలో ఉండి కంప్యూటర్లో లేకపోతే నేనేం చెప్పుకోనండీ?" నాకూ ఆయన మాటే సబబనిపించింది. మరి గోడౌన్‌లో డబ్బాలు స్కాన్ చేసే గన్లు? అవి పోతే మళ్లీ స్కాన్ చేసుకుంటామన్నారు. స్కానర్లు వాడే యూజర్ వేరే కాబట్టి ఆ ఒక్క యూజర్‌కే సింక్రనస్ కమిట్ ఆపి, స్కానర్లను ఒకసారి లాగౌట్ చేసి రమ్మన్నారు. సర్వర్‌ను ఆపే అవసరం రాలేదు. స్కానర్ల రద్దీ తప్పుకోగానే బిల్లు మూడు సెకన్లకు దిగింది. మునుపటి వేగం కాదు గానీ ఆటోలు కదిలాయి.

అసలు జబ్బు ఇంకొకటుందని ఆవిడ నాతో అన్నారు. నూరు వరుసల బిల్లుకు నూరు కమిట్లు కొడుతోంది ఆ సాఫ్ట్‌వేర్. ఒకే ట్రాన్సాక్షన్‌గా రాసి ఉంటే బ్యాటరీ పోయిన సంగతి బిల్లింగ్ కౌంటర్‌లో ఎవరికీ తెలిసేది కాదు. అది రాసినవాళ్లకు మెయిల్ పెడతారట, వాళ్లు మారుస్తారన్న ఆశ మాత్రం లేదు.

కొత్త బ్యాటరీ సికింద్రాబాద్‌లో దొరికింది. రాత్రి బస్సులో పార్సిల్ చేశారు. మర్నాడు బిగించగానే మళ్లీ ఫోన్: "మార్చాం గానీ అలాగే ఉందేంటి మేడమ్?" చార్జ్ ఎక్కేదాకా కార్డు క్యాష్‌ను వాడదు, కొన్ని గంటలు పడుతుందని కుర్రాడే జవాబిచ్చాడు. సాయంత్రానికి కార్డు దానంతటదే పాత పద్ధతికి మళ్లింది. స్కానర్ యూజర్ సెట్టింగ్ తిరిగి మార్చి, తాము కనిపెట్టి ఉండే మిగతా సర్వర్లలో ఇలాంటి కార్డులు ఎన్నింటికి ఉన్నాయో జాబితా తీయడం మొదలుపెట్టాడు.